జేబులో ఇమిడిన పనిముట్ల పెట్టె

తాటాకు గ్రంథములు వ్రాయుచుండిన కాలమున లేఖకునికి రెండు పనిముట్లు తప్పనిసరిగా ఉండెడివి. ఆకు అంచులను సరిచేయుటకు చాకు ఒకటి. ఆకుపై అక్షరములు గీయుటకు గంటము మరియొకటి. ఈ రెంటిని వేర్వేరుగా మోయుటకంటె ఒకే పిడికి అమర్చుకొనుట మేలని దక్షిణ భారతదేశపు పనివారు కొందరు గ్రహించిరి. చాకును, గంటమును మడచి ఒకే పిడిలో దాచుకొనుటకు వీలుగా చేసిన అట్టి జంట పనిముట్లు ప్రదర్శనశాలలలో నేటికిని కానవచ్చును. లేఖకుడు ఎచ్చటికి పోయినను అతని పనిముట్టు అతని వెంటనే యుండెడిది.

రెండు పనిముట్లు ఒక పిడిలో ఇమిడినపుడు మూడవది ఏల ఇమడరాదు? మూడు ఇమిడిన పిమ్మట పది ఏల కూడదు? ఈ ప్రశ్న పైకి తేలికగా కనిపించును. కాని ఎన్ని పనిముట్లు చేర్చవలెను, ఎచ్చట ఆగవలెను, ఒకదానినొకటి పోలిన రెండు చాకులలో దేనిని జేబులో ఉంచుకొనవలెను అను విషయమై సైన్యములు, ప్రభుత్వములు, కర్మాగారములు నూరేండ్లకు పైగా ఆలోచింపవలసి వచ్చినది. ఆ చరిత్రలో యంత్రశాస్త్రమును, లోహశాస్త్రమును కలసి నడచినవి.

రోమను బాటసారి చాకు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాల కలదు. అందు రోమను సామ్రాజ్య కాలమునకు, క్రీ.శ. మూడవ శతాబ్దమునకు చెందినదని భావింపబడుచున్న మడత పనిముట్టు ఒకటి యున్నది. దాని ముఖ్యభాగము వెండి. ఒక చెంచా, ఒక ఫోర్కు, ఒక చాకు, ఒక పొడవాటి ములుకు, ఒక పలుచని గరిటె, పంటిపుల్ల వంటి సన్నని సాధనము ఒకటి అందు అమర్చబడినవి. వెండి భాగములు నేటికిని చక్కగా నిలిచినవి. చాకు అలుగు మాత్రము ఇనుముది. దానిని తుప్పు తినివేసినది.

ఈ ప్రాచీన వస్తువు రెండు సంగతులను తెలుపుచున్నది. మొదటిది: అందలి సాధనములన్నియు ఇంచుమించు ఒకే పనికి, అనగా భోజనమునకు, సంబంధించినవి. చేసినవాడు ముందుగా పనిని నిర్ణయించుకొని, పిమ్మట సాధనములను ఎన్నుకొనెను. రెండవది: పదునుకు ఇనుము కావలెను; ఇనుముకు తుప్పు శత్రువు. ఈ చిక్కు విడుటకు మరి పదునారు వందల సంవత్సరములు పట్టినది.

అటుపిమ్మట ఐరోపాలో ఈకకలములు వాడుకలో నున్నంత కాలము చదువుకొన్నవాని జేబులో చిన్న మడతచాకు ఉండెడిది. ఈక మొన అరిగినపుడెల్ల దానిని చెక్కి చీల్చవలసియుండెను. ఆంగ్లభాషలో చిన్న మడతచాకునకు నేటికిని నిలిచియున్న ‘పెన్‌నైఫ్’ అను పేరు ఆ కలపు పనివలన వచ్చినదే.

రైఫిలు కోరిన చాకు

పెక్కు పనుల చాకు చరిత్రలో పెద్ద మలుపు స్విట్జర్లాండులో కలిగినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఆ దేశపు సైనికునికి రెండు క్రొత్త అవసరములు ఏర్పడెను. 1889వ సంవత్సరపు నమూనాగా ప్రవేశపెట్టబడిన ష్మిట్-రూబిన్ రైఫిలును విప్పి శుభ్రపరచుటకు స్క్రూడ్రైవరు కావలెను. రేకుడబ్బాలలో నిలువ చేసిన ఆహారమును తినుటకు డబ్బా మూతను కోయు సాధనము కావలెను. ఈ రెంటికి తోడు మామూలు చాకు ఎట్లును ఉండవలసినదే. ఇన్నిటిని విడివిడిగా ఇచ్చినచో కొన్ని తప్పక పోవును.

అందుచేత సైన్యమువారు ‘1890 నమూనా’ అను మడతచాకును ఎన్నుకొనిరి. అందు నాలుగు సాధనములే యుండెను: చాకు అలుగు, తోలులోను కొయ్యలోను కంత చేయు ఆరె, డబ్బాలు తెరచు సాధనము, స్క్రూడ్రైవరు. పిడికి నల్లబరచిన ఓకు కొయ్య పలకలు. పొడవు 100 మిల్లీమీటర్లు. బరువు 144 గ్రాములు. అందమునకై చేర్చినది ఒక్కటియు లేదు. రైఫిలు, డబ్బా, తోలు, రొట్టె — వీటిలో ఏదో ఒకదానికి పనికిరాని సాధనమునకు అందు చోటు దొరకలేదు.

అయితే ఒక చిక్కు కలిగెను. అంత పెద్ద సంఖ్యలో చాకులు చేయగల కర్మాగారము అప్పటికి స్విట్జర్లాండులో లేదు. తొలి విడత 15,000 చాకులను జర్మనీలో కత్తుల పరిశ్రమకు పేరుపొందిన జోలింగెన్ నగరపు సంస్థ తయారుచేసి యిచ్చెను.

ష్విజ్ రాష్ట్రములోని ఈబాఖ్ గ్రామమున 1884లో చిన్న కత్తుల కర్మశాలను నెలకొల్పిన కార్ల్ ఎల్సెనర్‌కు ఇది కష్టము తోచెను. ఆ దినములలో స్విట్జర్లాండు బీదదేశము. పనిలేక యువకులు అనేకులు విదేశములకు వలసపోవుచుండిరి. స్వదేశపు సైనికుని చాకు స్వదేశముననే తయారుకావలెనని ఎల్సెనర్ తలచెను. దేశములోని కత్తుల పనివారిని కూడగట్టి 1891లో సంఘముగా నేర్పరచెను. ఆ యేడే సైన్యమునకు చాకుల సరఫరా ఆరంభమయ్యెను. కాని జోలింగెన్ కర్మాగారములు యంత్రముల సహాయముతో అదే చాకును ఇంకను చౌకగా చేయగలిగెను. సంఘములోని పనివారు ఒక్కొక్కరే విరమించుకొనిరి. ఎల్సెనర్ మాత్రము విడువక అప్పుల పాలయ్యెను. బంధువులు ఆదుకొననిచో ఆయన కర్మశాల మూతపడియుండెడిది.

ఒకే స్ప్రింగుకు రెండు పనులు

ధరలో పోటీపడలేని ఎల్సెనర్ రచనలో పోటీపడెను. సైనికుని చాకు మోటైనది, బరువైనది. అంతకంటె తేలికగా నుండి, ఎక్కువ పనులు చేయగల చాకు చేయవలెనని ఆయన యత్నించెను. ఇందలి కిటుకు తెలియవలెనన్న మడతచాకు లోపలి నిర్మాణమును కొంత చూడవలెను.

మడతచాకు అలుగు మొదలు ఒక రివిటుపై తిరుగును. పిడి వెన్నున ఉక్కుబద్ద ఒకటి యుండును, అదియే స్ప్రింగు. అలుగు మొదట చదునైన ముఖములు కలవు. అలుగు పూర్తిగా తెరచినపుడు గాని, పూర్తిగా మూసినపుడు గాని చదునైన ముఖము స్ప్రింగునకు ఆనుకొని నిలుచును. నడుమ స్థితిలో మూల స్ప్రింగును పైకెత్తును. వంగిన స్ప్రింగు తన పూర్వస్థితికి రాబోవుచు అలుగును ఏదో ఒక కొసకు నెట్టును. చాకు మూయునపుడు వినవచ్చు ‘టక్’ అను చప్పుడు ఇందువలననే.

సాధనములను పెంచినకొలది స్ప్రింగులను పెంచుకొనుచు పోయినచో చాకు లావెక్కును. ఎల్సెనర్ ఒకే స్ప్రింగును రెండు వైపుల సాధనములకు ఉపయోగించెను: పిడి కడుపువైపున మడచు అలుగులను, వీపువైపున మడచు ఆరెను, బిరడాలు తీయు మెలికల ములుకును అదే స్ప్రింగు ఒత్తిపట్టును. ఈ విధముగా ఆరు సాధనములకు రెండే స్ప్రింగులు చాలినవి. ‘అధికారి చాకు’ అను పేరుతో ఈ నమూనాకు 1897 జూన్ 12న చట్టరక్షణ లభించెను. సైన్యము దీనిని అధికారికముగా ఇచ్చుటకు అంగీకరింపలేదు. బిరడా తీయు ములుకు యుద్ధమునకు అవసరమా యని వారి తలంపు. కాని అధికారులు తమ సొంత డబ్బుతో కొనిరి. సామాన్య జనులును కొనిరి. కర్మశాల నిలబడెను.

ఒకే చాకు, ఇద్దరు తయారీదారులు

ఇంతలో స్విట్జర్లాండు పశ్చిమభాగమున, ఫ్రెంచి మాట్లాడు జూరా ప్రాంతమున, డెలెమాన్ లోయలోని మరియొక సంస్థ 1893 నుండి సైన్యమునకు చాకులు సరఫరా చేయసాగెను. పిమ్మట దానిని నడపిన థియొడోర్ వెంగర్ పేరుమీదుగా అది వెంగర్ సంస్థ అయ్యెను. ఎల్సెనర్ సంస్థ జర్మను మాట్లాడు ప్రాంతమునది. ఎవరికి ఇచ్చినను రెండవ ప్రాంతమునకు కష్టము తోచును. 1908లో ప్రభుత్వము సరఫరాను చెరి సగముగా పంచెను. ఆ విధముగా ఒకే దేశమున, ఒకే సైన్యమునకు, ఒకే నమూనా చాకును రెండు కర్మాగారములు దాదాపు నూరు సంవత్సరములు తయారుచేసెను. ఒకరు తమది ‘తొలి’ చాకు అనియు, వేరొకరు తమది ‘అసలైన’ చాకు అనియు ప్రకటించుకొనిరి.

సైనికుని చాకు విషయమున భేదము లేదు. అది సైన్యపు కొలతల ప్రకారమే జరుగవలెను. కాని అంగడిలో అమ్ము చాకులలో చిన్న చిన్న భేదములుండెను. ఎల్సెనర్ సంస్థవారి మామూలు చాకు పొడవు 91 మిల్లీమీటర్లు, వెంగరువారిది 85. డబ్బా తెరచునపుడు మొదటిదానిని ముందుకు జరుపుకొనుచు పోవలెను. రెండవదానిని వెనుకకు లాగుకొనుచు రావలెను. మొదటి చాకులోని కత్తెరకు వేరే చిన్న స్ప్రింగు కలదు; రెండవదానికి అది అక్కరలేదు, పిడిలోని స్ప్రింగే ఆ పని చేయును. విరుగుటకు ఒక భాగము తక్కువ. మరొకవైపు పొడవాటి చాకు పెద్ద అరచేతికి చక్కగా అమరును. ఏది మేలైనదని అడిగినచో, ఎవరి చేతికి, ఏ పనికి అని తిరిగి అడుగవలసియుండును. కొనువారి మధ్య వాదములు తెగకుండుటకు కారణమిదే.

2005లో వెంగరు సంస్థను ఎల్సెనర్ వంశీయుల సంస్థ కొనివేసెను. 2013లో వెంగరు చాకులను విక్టోరినాక్స్ పేరులో కలుపుచున్నట్లు ప్రకటింపబడెను. నూరేండ్ల పోటీ అంతటితో ముగిసెను.

ఒకే ఉక్కు, పెక్కు కాఠిన్యములు

విక్టోరినాక్స్ అను పేరులోనే లోహశాస్త్రము కొంత దాగియున్నది. ఎల్సెనర్ తల్లి విక్టోరియా 1909లో మరణింపగా ఆయన ఆమె పేరును తన చాకులకు గుర్తుగా పెట్టెను. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డునందు హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును రూపొందించెను. ఎల్సెనర్ సంస్థ ఆ జాతి ఉక్కును చేపట్టినపుడు, ఫ్రెంచి భాషలో తుప్పుపట్టనిది అను అర్థముగల ‘ఇనాక్స్’ అను పదమును 1921లో తల్లి పేరునకు చేర్చెను. రోమను చాకును పాడుచేసిన శత్రువునకు విరుగుడు దొరకెను.

ఉక్కులోని క్రోమియము గాలిలోని ఆక్సిజనుతో కలసి, కంటికి కనరాని పలుచని పొరగా ఉపరితలమును కప్పును. ఆ పొర లోపలి ఇనుమును కాపాడును. కాని పదునుకు కావలసినది కర్బనము. కర్బనము హెచ్చినచో కొంత క్రోమియమును అది తనలో బంధించివేయును. తుప్పును నిరోధించు శక్తి తగ్గును. ఈ రెంటికి నడుమ సమాధానముగా ఈ చాకుల అలుగులకు సుమారు 15 శాతము క్రోమియము, 0.52 శాతము కర్బనము గల ఉక్కును వాడుచున్నారు. దానిని 1,040 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కాచి చల్లార్చి, తిరిగి 160 డిగ్రీల వద్ద పదునుపెట్టుదురు.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఒకే చాకులోని భాగములన్నిటికి ఒకే కాఠిన్యము ఉండరాదు. రాక్‌వెల్ కొలమానము ప్రకారము అలుగు కాఠిన్యము 56. కత్తెర, రంపము, గోళ్లరాతిఆకు 53. స్క్రూడ్రైవరు, డబ్బా తెరచు సాధనము, ఆరె 52. స్ప్రింగులు, మెలికల ములుకు 49. అలుగు అరగకుండ నిలువవలెను. కనుక గట్టిగా నుండవలెను. స్ప్రింగు వేలసార్లు వంగి మరల నిలువవలెను. గట్టిదనము హెచ్చినచో పెళుసై విరుగును. చాకు అలుగును స్క్రూడ్రైవరుగా వాడినవాడు దాని మొన విరుగగొట్టుకొనుటకు కారణమిదియే. పనికి తగిన కాఠిన్యము గల వేరు సాధనము ప్రక్కనే ఉండుట పెక్కు పనుల చాకు యొక్క నిజమైన లాభము.

పటకారు లేని లోటు

ఇన్ని సాధనములున్నను స్విస్ చాకులో ఒక లోటు చాలకాలము మిగిలియుండెను. గట్టిగా పట్టి తిప్పుటకు తగిన పటకారు, అనగా మన పనివారు కటింగ్ ప్లేయరు అను సాధనము, అందు లేదు. 1975లో టిమ్ లెదర్‌మన్ అను అమెరికా దేశపు యువకుడు తన భార్యతో పాత ఫియట్ కారులో ఐరోపా దేశములు తిరుగుచుండెను. కారు తరచు చెడిపోయెడిది. బసలలోని నీటి గొట్టములు కారుచుండెడివి. అతని జేబులో మామూలు స్కౌటు చాకు కలదు. దానితో అన్ని పనులు చేయగలిగినను, నట్టును గట్టిగా పట్టి తిప్పుట మాత్రము సాధ్యము కాలేదు.

స్వదేశమునకు తిరిగివచ్చి అతడు మొదట అట్టముక్కలతో, పిమ్మట లోహముతో నమూనాలు చేసెను. ఒక నెలలో ముగియుననుకొన్న పని మూడు సంవత్సరములు పట్టెను. 1980లో పేటెంటు లభించెను. కాని కొనువారు లేరు. చాకుల కంపెనీలు ఇది చాకు కాదు, పనిముట్టు అనిరి. పనిముట్ల కంపెనీలు ఇది పనిముట్టు కాదు, వింత వస్తువు అనిరి. చివరకు స్టీవ్ బెర్లినర్ అను కళాశాల మిత్రునితో కలసి 1983లో తానే తయారీకి పూనుకొనెను. తొలి కోరిక 500 పనిముట్లకు వచ్చెను.

పటకారు శక్తి లివరు సూత్రముపై ఆధారపడియున్నది. చేయి ఒత్తుచోటు ఆధారబిందువునకు 8 సెంటీమీటర్ల దూరమున, నట్టు 2 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. అప్పుడు నట్టుపై పడు బలము చేతిబలమునకు నాలుగు రెట్లగును. ఇంటిలోని అడకత్తెరలోను ఇదే సూత్రము కలదు. అయితే అడకత్తెరలో ఆధారబిందువు ఒక చివర నుండి, వక్క నడుమ నుండును. పటకారులో ఆధారబిందువే నడుమ నుండును. ఏ పక్షమునను పిడి పొడవైనకొలది బలము హెచ్చును. కాని జేబు పొడవు పెరగదు. లెదర్‌మన్ పిడులనే రెండుగా మడచి, వాటి గుల్ల కడుపులో పటకారును, మిగిలిన సాధనములను దాచెను. 10 సెంటీమీటర్ల పనిముట్టు తెరువగా పూర్తి పటకారు అయ్యెను.

తరువాత పోలిక చాకులు అనేకములు వచ్చెను. లెదర్‌మన్ ఊరైన పోర్ట్‌లాండ్ ప్రాంతముననే గెర్బర్ సంస్థ 1990ల తొలి సంవత్సరములలో పిడులు మడుచుటకు బదులు దవడలు పిడిలోనికి జారిపోవు పటకారును తెచ్చెను. మొదటిదానిని తెరచుటకు రెండు చేతులు కావలెను; రెండవది ఒక చేతి విదలింపుతో తెరచుకొనును. అయితే జారు భాగమునకు కొంత వదులు తప్పదు. మడచు పిడిలో ఆ వదులు తక్కువ. లెదర్‌మన్ తొలి నమూనాలో చాకు అలుగు పిడి లోపలివైపున నుండుటచే, చాకు కావలసినపుడెల్ల ముందు పటకారును తెరువవలసి యుండెను. 1998లో వచ్చిన ‘వేవ్’ నమూనాలో అలుగులు వెలుపలివైపునకు మార్చబడెను. ఈ మార్పుయొక్క ముఖ్యమైన ఫలితము సాధనము చేతికి అందుటకు పట్టు కాలము తగ్గుట.

తగ్గిన బరువు, మరల పెరిగిన బరువు

ఎక్కువ సాధనములు గలదియే మేలైనదన్న భ్రమను స్విస్ సైన్యపు చాకు చరిత్రయే పోగొట్టును. 1890 నమూనా బరువు 144 గ్రాములు. 1908 నమూనా 125, 1951 నమూనా 90, 1961 నమూనా 72 గ్రాములు. డెబ్బది సంవత్సరములలో బరువు సగమయ్యెను. సాధనములు మాత్రము నాలుగే యుండెను. కొయ్య పలకలకు, పాత ఉక్కునకు బదులు తుప్పుపట్టని ఉక్కు, అల్యూమినియము పలకలు వచ్చినవి, అంతే. 1961 నమూనా దాదాపు అర్ధశతాబ్దము వాడుకలో నిలిచెను.

పిమ్మట సైన్యము 75,000 చాకులకు అంతర్జాతీయ టెండరు పిలిచి, ‘2008 నమూనా’ను ఎన్నుకొనెను. దీని పొడవు 111 మిల్లీమీటర్లు. బరువు 131 గ్రాములు. బరువు మరల పెరిగెను! కారణము పని మారుటయే. చేతితొడుగులతో, ఒకే చేత్తో తెరువగల అలుగు కావలెను; ఆ అలుగు పనిలో మూసుకొనిపోకుండ తాళము కావలెను; కొయ్యరంపము, నాలుగు మొనల స్క్రూడ్రైవరు కావలెను. అవసరము లేనపుడు ఒక గ్రామునైనను భరింపని సైన్యము, అవసరమైనపుడు అరువది గ్రాములను అంగీకరించెను.

అంగడిలోని చాకులలోను ఇదే లెక్క కనబడును. విక్టోరినాక్స్ ‘స్పార్టన్’ నమూనా 12 పనులకు 59 గ్రాములు, 15 మిల్లీమీటర్ల మందము. అదే సంస్థవారి ‘స్విస్‌చాంప్’ 33 పనులకు 185 గ్రాములు, 33 మిల్లీమీటర్ల మందము. పనులు మూడు రెట్లు కాగా బరువును మూడు రెట్లయ్యెను. వెంగరు సంస్థ 2006లో 87 సాధనములతో చాకు నొకదానిని చేసెను. అది ప్రదర్శనకు గొప్ప వస్తువు, జేబులో పట్టదు.

ఎన్నుకొను విధము

పై చరిత్రనుండి ఎన్నికకు తగిన పద్ధతి దానంతటదే తేలుచున్నది. మొదట ఒక వారము దినములు, ఏ పనికి ఏ పనిముట్టు లేక ఆగవలసివచ్చెనో వ్రాసికొనవలెను. సైకిలు నట్టు వదులైనదా, విద్యుత్ ప్లగ్గు మర ఊడినదా, పార్సిలు తాడు కోయవలసివచ్చినదా? ఆ జాబితాలో పటకారు పని తరచు వచ్చినచో లెదర్‌మన్ జాతి పనిముట్టు మేలు. అరుదుగా వచ్చినచో తేలికైన మడతచాకు చాలును. పిమ్మట జాబితాకు సరిపోవు రెండు మూడు చాకులను చేతబట్టి, ఎక్కువగా కావలసిన సాధనము ఎంత సులువుగా తెరచుకొనుచున్నదో చూడవలెను. కీలులో వదులు ఉన్నదేమో, స్ప్రింగు సూటిగా నిలుపుచున్నదేమో, తాళము పట్టుచున్నదో లేదో పరీక్షింపవలెను. బరువును చివరకు చూడవలెను; కాని తప్పక చూడవలెను. బరువుగా తోచి ఇంటిలో వదలివేసిన చాకునకు ఎన్ని సాధనములున్నను, పని పడినవేళ అది ఒక్క పనికిని రాదు.

మరియొక సంగతి కూడ మరువరాదు. 2001 సెప్టెంబరు తరువాత విమానములలో వెంట ఉంచుకొను సంచులలో చాకులను సాధారణముగా అనుమతించుట లేదు. పాఠశాలలు, సభాస్థలములు మొదలగు చోట్లకును వీటిని తీసికొనిపోరాదు. పనిముట్టు ఏదైనను, దాని చోటు కూడ పనితోనే నిర్ణయమగును.

సైన్స్ తరగతిలో ఉపాధ్యాయుడు ఒక పాత మడతచాకును, ఒక అడకత్తెరను బల్లపై ఉంచి, స్ప్రింగు, రివిటు, లివరు, ఉక్కు కాఠిన్యము అను నాలుగు పాఠములు చెప్పవచ్చును. ఐదవ పాఠమును విద్యార్థులే చెప్పుదురు. ఒకదానినొకటి పోలిన రెండు చాకులను వారి ముందుంచి, ఏది కొనవలెనని అడిగినచో, సాధనములను లెక్కపెట్టి పెద్దదానిని చూపువాడు ఒకడుండును; “ఏ పనికండి?” అని అడుగువాడు ఒకడుండును. 1890లో స్విస్ సైన్యము మొదట అడిగిన ప్రశ్న ఆ రెండవ విద్యార్థి అడిగినదే.